ఆరుబయట, ఊరుబయట

(ఊరుబయటి మాటలు – 17)

మా అక్క బిడ్డ హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోయిన వారం రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది.

"మామయ్యా, పండుకున్నవా?"

"లేదు, చెప్పు బిడ్డా."

"మా కాలేజీల నేచర్ క్లబ్బు ఉంది గదా. అందరం తలా ఒక పేజీ రాయాలంట. మన రాష్ట్రంల ఆరుబయట నీకు అన్నిటికంటే ఎక్కువ నచ్చేది ఏంది అని. ఒకరు బొగత జలపాతం అంటున్నరు, ఒకరు అనంతగిరి, ఒకరు లక్నవరం. నాకే ఏం తోస్తలేదు."

"కొత్తగూడెం పిల్లవి. చుట్టూ అడివే గదా. నీకు తోచకపోవుడేంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "చిన్నప్పుడు అమ్మ తునికాకుకి పోతుంటే ఎంట పోయేదాన్ని. అది రాయొచ్చా?"

"రాయి, ఎందుకు రాయొద్దు" అని ఫోన్ పెట్టేశాను. కానీ నిద్ర పట్టలేదు. బొగత గురించి రాసే పిల్లల్లో ఒక్కరు కూడా "అది రాయొచ్చా" అని ఎవరినీ అడిగి ఉండరు. మా పిల్ల ఎందుకు అడగాల్సి వచ్చింది? తను పుట్టి పెరిగిన అడవి గురించి రాయడానికి తనకి పర్మిషన్ కావాలని ఎందుకు అనిపించింది?

ఈ వారం రాయాలనుకున్నది వేరే. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇది ఆ పిల్లకి నేను ఇవ్వాల్సిన జవాబు.

*

తెలుగులో రెండు మాటలున్నాయి. ఆరుబయట, ఊరుబయట. ఒక్క అక్షరం తేడా. ఆరుబయట అంటే వెన్నెల, మంచం, చల్లగాలి, కథలు చెప్పే నాయనమ్మ. ఊరుబయట అంటే మేము. మాలపల్లె, మాదిగవాడ, వెలివాడ. ఊరి గాలి మా మీద నుంచి రావచ్చు గానీ మా గాలి ఊరి మీదికి పోకూడదని ఏ దిక్కున పెట్టాలో లెక్కగట్టి మరీ పెట్టిన ఇళ్ళు.

బయటికి వెళ్ళడం ఒక సరదా కావాలంటే ముందు మనిషికి ఒక 'లోపల' ఉండాలి. వారమంతా లోపల ఉన్నవాడు ఆదివారం బయటికొస్తాడు. తరతరాలుగా బయటే ఉంచినవాళ్ళకి బయట అంటే సెలవు కాదు. పని. ఒక్కోసారి శిక్ష. రెండు వేల పదహారు జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. చలికాలం రాత్రి ఆకాశం కింద పడుకోవడాన్ని కొందరు క్యాంపింగ్ అంటారు. వాళ్ళకి అది బహిష్కరణ. వాళ్ళలో ఒకడైన రోహిత్ చివరి ఉత్తరం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అందులో నక్షత్రాలున్నాయి, ప్రకృతి మీద ప్రేమ ఉంది. ఊరుబయట ఉంచినా ఆరుబయటని ప్రేమించడం మానని పిల్లవాడు అతను.

అందుకే ముందే చెబుతున్నాను. దళితులకి ప్రకృతి మీద ఆసక్తి లేదు, వాళ్ళకి కూడు గుడ్డ గొడవే అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మాకు ప్రేమ ఉంది. మా ప్రేమకి ఫొటోలు లేవు, అంతే.

*

మా ప్రాంతానికి వచ్చే యాత్రికులు ఏం చూస్తారో నాకు తెలుసు. భద్రాచలం గుడి, పర్ణశాల, గోదావరి. పాల్వంచ దగ్గర కిన్నెరసాని డ్యామ్, బోటు, జింకల పార్కు. వానాకాలంలో గోదావరి అవతల వాజేడు వైపు బొగత. ఇవన్నీ బాగుంటాయి. తొలివానలు పడ్డాక కిన్నెరసాని గట్టు మీద నిలబడితే అవతలి గుట్టలు నీలంగా, ఆ తర్వాత ఆకుపచ్చగా, మబ్బు కమ్మితే నల్లగా కనిపిస్తాయి. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంకా తనివి తీరలేదు.

కానీ మా ఇంట్లో అడవికి వేరే క్యాలెండర్ ఉండేది. మోదుగులు ఎర్రగా పూస్తే ఎండలు మొదలైనట్టు. ఆ వెంటనే ఇప్పపూలు. తెల్లారకముందే చెట్టు కింద రాలిన పూలు ఏరాలి, ఆలస్యమైతే పశువులు తినిపోతాయి. ఆ వాసన తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. ఆ ఎండల్లోనే తునికిపండ్లు, మొర్రిపండ్లు. తొలకరికి పుట్టగొడుగులు. వానలు ముదిరితే లేత వెదురు కొమ్ములు. దసరా నాటికి సీతాఫలాలు, గట్ల మీద తంగేడు పసుపు.

తునికాకు పని గురించి తెలియనివాళ్ళకి చెబుతాను. ఆకు లేతగా రావడానికి ముందుగానే తునికి మండలు కొట్టి ఉంచుతారు. కోతకి ఇంట్లోంచి చీకటితోనే బయల్దేరాలి. ఎండ ఎక్కేలోపు ఆకు తెంపి, చీరకొంగులోనో మూటలోనో కట్టుకుని ఇంటికి తెచ్చి, నీడన కూర్చుని యాభై ఆకుల లెక్కన కట్టలు కట్టాలి. చిల్లులున్న ఆకు పనికిరాదు, చిన్న ఆకు పనికిరాదు. సాయంత్రం కల్లం దగ్గర వరసగా పేరిస్తే కల్లేదారు లెక్క రాసుకుంటాడు. మే నెలలో మా దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. గుడ్డెలుగు భయం, పాము భయం. ఆ యాభై ఆకుల కట్టలు పోయిపోయి ఎక్కడో బీడీలవుతాయి.

ఈ పనిలో ఆనందం లేదంటే అబద్ధం. మా అమ్మ, అక్క, వాడకట్టు ఆడవాళ్ళు పదిమంది చీకట్లో నడుస్తూ పరాచికాలాడుకునేవాళ్ళు. వాడలో ఎప్పుడూ గట్టిగా నవ్వని ఆడవాళ్ళు అడవిలో పడీపడీ నవ్వేవాళ్ళు. అక్కడ మగవాళ్ళు లేరు, దొరలు లేరు, వినేవాళ్ళు లేరు. మా అక్క ఇప్పటికీ చెబుతుంది, ఆకు కోసం కాదుగానీ ఆ నవ్వుల కోసం పోబుద్ధయ్యేదని. ఆ నవ్వుని ఏ టూరిజం పోస్టర్ మీదా వెయ్యలేరు.

కాబట్టి బిడ్డా, మొదటి జవాబు. అది రాయొచ్చు. ఆ పేజీలో రాయాల్సింది అదే.

*

ఇక మా నాయన సంగతి. ఆయన సింగరేణిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని. ఈ నేల కింద బొగ్గుందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడని, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైందని కంపెనీ చరిత్ర చెబుతుంది. ఆ చీకట్లోకి మొదటి తరాల్లో దిగినవాళ్ళలో మావాళ్ళు చాలామంది. పైన భూమి లేనివాళ్ళకి భూమి లోపల పని దొరికింది.

నైట్ షిఫ్టు దిగి వచ్చిన నాయన నేరుగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. క్వార్టర్ ముందు వేపచెట్టు కింద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, పది నిమిషాలు ఆకాశం వైపు చూసేవాడు. అమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టేది. ఆ పది నిమిషాలు మేమెవరం ఆయన దగ్గరికి పోయేవాళ్ళం కాదు. చిన్నప్పుడు అలసట అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆయన వెలుగుని చూస్తున్నాడు. ఎనిమిది గంటలు టోపీ లైటు వెలుతురులో బతికిన మనిషికి మామూలు పొద్దుటి ఎండ ఎంత పెద్ద విషయమో నాకు అప్పుడు తెలియదు. ఆరుబయటని అంత శ్రద్ధగా అనుభవించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన్ని ఎవరూ ప్రకృతి ప్రేమికుడు అనలేదు.

*

తంగేడు సంగతి కూడా చెప్పాలి. 2014లో రాష్ట్రం వచ్చాక తంగేడుని రాష్ట్ర పుష్పం చేశారు. పాలపిట్ట, జమ్మిచెట్టు, జింకతో పాటు. సంతోషమే. బతుకమ్మలో తంగేడు లేకపోతే అది బతుకమ్మే కాదు.

కానీ తంగేడు మా ఇంటికి పువ్వుగా రాకముందే చెక్కగా వచ్చింది. మా తాత తోలు ఊనేవాడు. పచ్చితోలుని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్ళలో రోజుల తరబడి లందలో ఊరబెడితే అది కుళ్ళని తోలవుతుంది. ఏ తంగేడు చెక్కలో పస ఎక్కువ, ఏ కాలంలో ఒలవాలి, చెట్టు చావకుండా ఎంతవరకు ఒలవాలి, ఇదంతా తెలిసిన మనుషులు వాళ్ళు. దీన్ని ఇవాళ వృక్షశాస్త్రం అంటే గౌరవం. అప్పుడు దానికి లంద కంపు అని పేరు.

ఆ తోలుతో తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. ఎద్దులు మోట లాగితే ఆ బొక్కెనల నిండా నీళ్ళు పైకి వచ్చి వరిమడి పారేది. మాదిగ చేతులు కుట్టిన తోలులోంచి వచ్చిన నీళ్ళకి మైల లేదు. అదే బావిలో మాదిగ చెయ్యి పెడితే మైల. తంగేడు పువ్వుకి రాష్ట్ర గౌరవం వచ్చింది. తంగేడు చెక్క తెలిసిన మనిషికి ఏం వచ్చింది అని ఎవరైనా అడిగారా?

*

ఇప్పుడు ఒక పాత ప్రయాణం గురించి. 1934లో అంబేద్కర్ తన ఉద్యమ సహచరులతో కలిసి విహారయాత్రకి బయల్దేరాడు. సుమారు ముప్పైమంది. ఎట్లాగైనా ఎల్లోరా బౌద్ధ గుహలు చూడాలని వాళ్ళ కోరిక. దారిలో దౌలతాబాద్ కోట. అది అప్పుడు నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉంది. అంటే మన కొత్తగూడెం ఏ రాజ్యంలో ఉందో ఆ రాజ్యంలోనే.

దుమ్ము కొట్టుకుపోయి వచ్చిన మనుషులు. కోట గుమ్మం బయట నిండుగా నీళ్ళున్న చిన్న చెరువు, చుట్టూ రాతి పరుపు. ముఖాలు, కాళ్ళు కడుక్కున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, అంటరానివాళ్ళు చెరువు మైలపరిచారని. జనం పోగయ్యారు, తిట్లు, బెదిరింపులు. చివరికి కోట చూడనిచ్చారు. ఎట్లా? లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకుండా చూడటానికి సాయుధుడైన సిపాయిని వెంట పంపి. అరిచిన ముసలాయన ముస్లిం. హిందువుకి అంటరానివాడు ముస్లింకి కూడా అంటరానివాడే అవుతున్నాడని అంబేద్కర్ ఆ సంఘటన నుంచి తేల్చిచెప్పాడు.

ఇది ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో ఉంది. విద్యార్థులు తప్పకుండా చదవండి, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. అంతకు ఏడేళ్ళ ముందే, 1927 మార్చి 20న, మహాడ్ చెరువులో ఆయన వేలమందితో కలిసి నీళ్ళు తాగాడు. పోరాడి నీళ్ళు తాగిన మనిషికి కూడా ఒక మామూలు యాత్రికుడిగా, సరదాగా తిరగడానికి వెళ్ళినప్పుడు జరిగింది ఇది. అందుకే ఆ పేరు నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. సొంత దేశంలో వీసా కోసం ఎదురుచూడటం. మా పిల్ల ఫోన్‌లో అడిగిన "రాయొచ్చా" కూడా ఆ వీసానే.

*

తొంభై ఏళ్ళ కిందటి ముచ్చట, ఇప్పుడెక్కడుంది అంటారని తెలుసు. నా అనుభవం ఒకటి చెబుతాను.

ఆరేడేళ్ళ కింద ఒక వానాకాలం, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ట్రెక్కింగ్ బృందంతో గోదావరి అవతల ఒక జలపాతానికి వెళ్ళాను. తెలిసిన మిత్రుడు ఉండటంతో కలిశాను. ఇరవైమంది, అందరూ చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు. ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే ఏరి సంచిలో వేసుకునే మనుషులు. ఒక కోయ పిల్లవాడు దారి చూపిస్తున్నాడు. వాగులు దాటి, జలగలు పీక్కుంటూ, నవ్వుకుంటూ మధ్యాహ్నానికి చేరాం. ఆ నీటి కింద నిలబడ్డప్పుడు వీపు మీద ఎవరో దరువేస్తున్నట్టుంది. నిజంగా సంతోషపడ్డాను. ఆ సంతోషాన్ని నేను ఎవరికీ వదులుకోను.

తర్వాత తిండి. అందరూ డబ్బాలు విప్పారు. నా డబ్బాలో జొన్నరొట్టె, వేపిన పెద్దకూర. పక్కనున్నతను చెయ్యి చాపుతూ "మటనా?" అన్నాడు. "పెద్దకూర" అన్నాను. చాపిన చెయ్యి వెనక్కి పోయింది. రెండు నిమిషాల్లో బృందం నాయకుడు వచ్చి భుజం మీద చెయ్యేసి, చాలా మెత్తగా చెప్పాడు. "బ్రదర్, ప్రకృతి ఒడిలోకి వచ్చాం. ఇక్కడ కులం లేదు, మతం లేదు. మీరు కొంచెం ఆ బండ వెనక్కి వెళ్ళి తిన్నారంటే అందరికీ కంఫర్టబుల్‌గా ఉంటుంది."

ఆ రెండు వాక్యాలు ఒకే నోట్లోంచి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కులం లేదు. బండ వెనక్కి వెళ్ళు.

వెళ్ళాను. గొడవ పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదని నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. అంత దూరం, అంత అడవి, అంత నీళ్ళు ఉన్నచోట కూడా ఒక ఊరుబయట తయారు చెయ్యడానికి వాళ్ళకి ఒక్క బండ చాలింది. కాసేపటికి ఆ కోయ పిల్లవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నాక్కూడా పెట్టు అన్నా" అన్నాడు. ఇద్దరం తిన్నాం.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. ఆ రోజంతా అతను మాకు దారి చూపించాడు, వాగు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు, నా డబ్బాలో తిన్నాడు. నేను అతని పేరు అడగలేదు. ఏ గూడెమో అడగలేదు. బస్సెక్కాక గుర్తొచ్చింది. బండ వెనక్కి పంపించబడ్డ అవమానంలో మునిగి, ఆ అడవి అసలు మనిషిని నేనూ ఒక గైడుగానే చూశాను.

*

అందుకే దళిత మిత్రులతో ఒక మాట సూటిగా. ఈ అడవి మనది అని మనం ఊరికే అనలేం. ఇక్కడ మొదటి హక్కు కోయలది. మనలో చాలామంది బొగ్గుబాయి వెంట, పొగాకు చేల వెంట, కూలి వెంట వచ్చినవాళ్ళం. ఏజెన్సీలో 1/70 చట్టం ఎవరి భూమిని కాపాడటానికి వచ్చిందో మనకి తెలుసు. మనం ఆ చట్టం పక్షాన నిలబడాలి, మనకి నష్టం అనిపించిన రోజు కూడా.

అదే నోటితో ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులతో పాటు 'ఇతర సంప్రదాయ అటవీ వాసులకు' కూడా హక్కులు ఇచ్చింది. తునికాకు, వెదురు, తేనె లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు అందులో ఉంది. కానీ ఆదివాసేతరులు 2005 డిసెంబర్ 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, ఆ అడవి మీద ఆధారపడి బతికినట్టు రుజువు చూపించాలి. తునికాకు ఏరిన మా అమ్మమ్మకి ఎవరు రశీదు ఇచ్చారు? లందలో తంగేడు చెక్క వేసిన తాత పేరు ఏ రికార్డులో ఉంది? పేరు రాయకుండా వెలివేసిన మనుషుల్ని, పేరున్న కాగితం తెమ్మనడం న్యాయం ఎట్లా అవుతుంది?

మనకంటే కింద ఇంకా ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇటు వచ్చిన గుత్తికోయలు మన జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ అడవిలో ఒక రేంజ్ అధికారిని చంపారు. ఆ హత్యని సమర్థించేది ఏమీ లేదు. డ్యూటీ చేస్తున్న మనిషి, ఆయనకీ ఒక ఇల్లుంది. కానీ ఆ తర్వాత ఆ గూడెం మనుషులందరినీ తిరిగి ఛత్తీస్‌గఢ్ పంపెయ్యాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. నేరం చేసినవాళ్ళకి శిక్ష ఒకటి, ఒక జాతి మొత్తానికి వెలి ఇంకొకటి. వెలి అంటే ఏంటో తెలిసిన మనం అప్పుడు ఎంతమందిమి నోరు విప్పాం?

'మన రాష్ట్రం' అన్న మాట కూడా ఇక్కడ అంత గట్టిది కాదు. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరిది. ఖమ్మం జిల్లాలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. మా చిన్నప్పుడు మావే అనుకున్న పాపికొండల దారి ఇప్పుడు పక్క రాష్ట్రం. కోయలు ఒక్క అడుగు కదలకుండానే వాళ్ళ రాష్ట్రం మారిపోయింది. రేపు నీళ్ళొస్తే ఊళ్ళే మారిపోతాయి.

ఇక మా ఊరు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు పిల్లలకి రెండు రకాల గుట్టలు తెలుసు. ఒకటి దేవుడో ప్రకృతో పెట్టినవి. రెండోవి ఓపెన్‌కాస్ట్‌లోంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టలు. చిన్నపిల్లలు ఆ రెండిటికీ తేడా చెప్పలేరు. మా బొగ్గుతో హైదరాబాద్‌లో ఏసీలు నడుస్తాయి. ఆ ఏసీ గదుల్లో కూర్చుని వీకెండ్‌కి ఏ అడవికి పోదామా అని ప్లాన్ వేస్తారు.

*

ప్రపంచంలో ఇది మనకే ఉన్న గొడవ కాదు. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్ వైపు కార్మికులు కొన్ని వందలమంది, భూస్వాములు వేటకోసం మూసేసుకున్న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచారు. ఐదుగురు జైలుకి పోయారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం రావడం వెనక ఆ నడక కూడా ఉంది. 2020 మేలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పక్షుల్ని చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి మనిషి, కుక్కకి తాడు కట్టమని ఒక తెల్లజాతి స్త్రీని అడిగితే, నల్లవాడు తనని బెదిరిస్తున్నాడని ఆమె పోలీసులకి ఫోన్ చేసింది. చేతిలో బైనాక్యులర్ ఉన్నా చూసేవాళ్ళకి ముందు రంగే కనపడుతుంది. మన దగ్గర డబ్బాలో కూర కనపడుతుంది, ఇంటిపేరు వినపడుతుంది.

మన దగ్గరా మంచి ఉదాహరణ ఉంది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు దిగితే, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డారు. లాఠీలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపింది. నెమళ్ళ అరుపుల వీడియోలు చూసి రాష్ట్రమంతా కదిలింది. వెలివాడ వెలిసిన క్యాంపస్‌లోనే ఇది జరిగిందని మర్చిపోవద్దు. ఆ కదిలిన మనసు కొత్తగూడెం దాకా, గోదావరి దాకా రావాలని నా కోరిక. జింకని కాపాడే ప్రేమ ఆ జింక పక్కన బతికే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోకూడదు.

*

ఇప్పుడు బిడ్డా, నీ ప్రశ్నకి నా జవాబు.

మన రాష్ట్రంలో ఆరుబయట నాకు అన్నిటికంటే నచ్చేది జలపాతం కాదు, డ్యామ్ కాదు. "మీరెవరు?" అని ఎవరూ అడగని నడక నాకు నచ్చుతుంది. "నువ్వెవరు" అంటే పేరడిగినట్టు. "మీరెవరు" అంటే ఏమడిగినట్టో నీకూ తెలుసు. చీకటితో మీ అమ్మ, అమ్మమ్మ అడవిలో నడిచినప్పుడు కొన్ని గంటలు ఆ ప్రశ్న లేదు. అందుకే అంత నవ్వు. మీ తాత వేపచెట్టు కింద కూర్చున్న పది నిమిషాలు ఆ ప్రశ్న లేదు. ఆ కొన్ని గంటల్ని, ఆ పది నిమిషాల్ని రోజంతా చెయ్యడమే మన పోరాటం. మిగతావన్నీ దానిలో భాగాలే.

కాబట్టి మీరు తిరగండి. ట్రెక్కింగ్‌లకి పోండి, పక్షుల పేర్లు నేర్చుకోండి, నదిలో దూకండి. మనది కాదని వదిలెయ్యొద్దు. డబ్బాలో ఏముందో దాచొద్దు. బండ వెనక్కి పొమ్మంటే పోవద్దు, నేను పోయినట్టు. ఎక్కడికి పోయినా అక్కడి మనిషి పేరు అడగండి, నేను అడగనట్టు కాదు. వాళ్ళ పట్టా సంగతి, కల్లం రేటు సంగతి, తాగేనీళ్ళ సంగతి అడగండి. అడిగి, తిరిగొచ్చి ఊరుకోవద్దు.

నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. పేజీ రాసి ఇచ్చేసిందట. ఏం రాశావంటే మొదటి వాక్యం చదివి వినిపించింది. యాభై ఆకులు లెక్కబెట్టడం తను బడికి పోకముందే అడవిలో నేర్చుకుందట. చప్పట్లు కొట్టారా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఒక్కటి మాత్రం అడిగింది. "మామయ్యా, అంబేద్కర్ బుద్ధుని గుహలు చూడ పోయిండని ఓసారి చెప్పినవు గదా. మన దగ్గర అసొంటియి లేవా?"

ఉన్నాయి. కొత్తగూడెం పక్కనే కారుకొండ గుట్ట మీద రాతిలో చెక్కిన బుద్ధుడున్నాడు. నేను ఈ ఊళ్ళోనే పుట్టి ముప్పై దాటాక గానీ అక్కడికి పోలేదు. సెలవులకి రాగానే ఇద్దరం ఎక్కుదామన్నాను. మీ అమ్మని కూడా రమ్మను, ఈసారి ఆకు కోసం కాదు, ఊరికే, అన్నాను.

"అమ్మ ఊరికే ఎప్పుడు తిరిగింది మామయ్యా" అన్నది.

అందుకే రమ్మను అన్నాను.

జై భీమ్. వచ్చే ఆదివారం మళ్ళీ.